బొమ్మల పుస్తకము, సహపఠనము – ఒక విమర్శ

తెలుగున బాలసాహిత్యమును గూర్చిన విమర్శ కొరవడినదని చెప్పజాలము. గేయమైనచో దాని నడకను, కథయైనచో అందలి నీతిని, వచనమైనచో పదజాలము బాలుర యీడునకు తగియున్నదా లేదా యనుదానిని మన విమర్శకులు శ్రద్ధతో పరిశీలించుచునే యున్నారు. కాని అక్షరములు రాని శిశువులకై, అనగా రెండేండ్లు మొదలుకొని ఆరేండ్ల వరకు గల వారికై, వెలువడు బొమ్మల పుస్తకముల కడకు వచ్చునప్పటికి ఈ విమర్శ యంతయు ‘బొమ్మలు ముచ్చటగా నున్నవి’ అను ఒక్క వాక్యముతో ముగియుచున్నది. దీనికి కారణము శ్రద్ధాలోపము కాదనియు, పరిశీలింపవలసిన వస్తువేదో గుర్తింపకపోవుటయే యనియు మా యభిప్రాయము. కావ్యమును విమర్శకుడు ఒంటరిగా కూర్చుండి మౌనముగా చదివి తీర్పు చెప్పవచ్చును. బొమ్మల పుస్తకమును ఎవరును అట్లు చదువరు. అక్షరములు వచ్చినవారొకరు బిగ్గరగా చదువుదురు. రానివారు ఒక్కరో పదిమందియో బొమ్మ చూచుచు విందురు; నడుమ మాటలాడుదురు, నవ్వుదురు, పుట తిప్పవలదని చేయి అడ్డుపెట్టుదురు. ఈ సహపఠనమే ఆ పుస్తకమునకు ప్రయోగము; అచ్చుపడిన పుట దానికి సామగ్రి మాత్రమే. సహపఠనమున శిశువునకు చోటిచ్చినది మంచి పుస్తకము. ఈయనిది ఎంత అందముగా అచ్చయినను మంచిది కాదు. ఈ సూత్రమును ప్రతిపాదించి, తెలుగు భాషాస్వభావము దానికెట్లు తోడ్పడునో చూపుటకు ఈ వ్యాసమున ప్రయత్నింతుము.

ముందుగా ఒక భేదమును గుర్తింపవలసియున్నది. బొమ్మలున్న ప్రతి పుస్తకమును బొమ్మల పుస్తకము కాదు. 1658లో న్యూరెంబర్గు నగరమున వెలువడిన కొమీనియస్ పండితుని ‘ఆర్బిస్ సెన్సువాలియం పిక్టస్’ అను గ్రంథమును బాలుర సచిత్ర గ్రంథములకు మూలపురుషునిగా చెప్పుదురు. అందు బొమ్మలోని వస్తువులకు అంకెలు వేసి, ఆ అంకెలకు సరిపోవు మాటలను ప్రక్కన నిచ్చినారు. మాట చెప్పినదే బొమ్మ చూపును; బొమ్మ చూపినదే మాట చెప్పును. అకారమునకు ఎదురుగా అమ్మను, ఆకారమునకు ఎదురుగా ఆవును నిలిపిన మన వాచకములు ఈ సంతతిలోనివే. వీనికి బోధనమున ప్రయోజనము కలదు. కాని ఇట ఆనందమునకు తావు తక్కువ. ఏలయనగా బొమ్మను చూచిన శిశువునకు కనుగొనుటకు ఏమియు మిగులదు. రెండవ తెగ చిత్రాలంకృతమైన కథ. 1945లో ఆరంభమైన ‘బాల’, 1947లో ఆరంభమైన ‘చందమామ’ తెలుగు బాలురకు చేసిన మేలు ఇంతింత యనరానిది. వడ్డాది పాపయ్య, చిత్ర, శంకర్ మొదలగు వారి బొమ్మలు ఒక తరము కంటికి విద్య నేర్పినవి. ఐనను చందమామ కథలో బొమ్మను తొలగించినను కథ నిలుచును. ఇది దోషమని మా యభిప్రాయము కాదు. అది వేరొక ప్రక్రియ యనియే చెప్పుచున్నాము.

మూడవ తెగయే మా ప్రస్తుత విషయము. ఇందు మాటయు బొమ్మయు కథను పంచుకొనును. ఒకటి దాచినదానిని వేరొకటి వెల్లడించును. ఆంగ్లదేశమున రాండాల్ఫ్ కాల్డికాట్ 1878 మొదలుగా వెలువరించిన చిన్న పుస్తకములలో ఈ పద్ధతి స్పష్టముగా కనిపించునని చరిత్రకారులు చెప్పుదురు. దీని పరిణతరూపమునకు పాట్ హచిన్స్ 1968లో రచించి చిత్రించిన ‘రోజీస్ వాక్’ మంచి యుదాహరణము. అందలి మాటలన్నియు కలిపి ముప్పదిరెండు. వాక్యము ఒక్కటి. రోజీ యను కోడిపెట్ట నడకకు బయలుదేరి, దొడ్డి దాటి, చెరువు చుట్టి, గడ్డికుప్ప మీదుగా, తేనెపట్టెల క్రిందుగా నడచి భోజనవేళకు ఇల్లు చేరినది. మాటలలో ఇంతకుమించి లేదు. బొమ్మలలో మాత్రము మొదటినుండియు ఒక నక్క ఆ కోడిని వెన్నాడుచుండును. అది దుమికిన ప్రతిసారియు భంగపడును. గడ్డి లాగు దంతె మొగమునకు తగులును, చెరువులో పడును, పిండిబస్తా నెత్తిన కురియును, తుదకు తేనెటీగలు తరుముకొనును. నక్క యను మాట పుస్తకమంతటను ఒక్కచోటను లేదు. చదువుచున్న పెద్దవానికి ఆ సంగతి తెలియనట్లున్నది. వినుచున్న శిశువునకు తెలిసినది! ‘నక్క! నక్క!’ అని కేకవేయక ఏ శిశువు ఊరకుండగలడు? అక్షరములు రాని వాడే ఇట ఎక్కువ తెలిసినవాడు. చదువు వచ్చిన పెద్దలయెదుట శిశువునకు ఇట్టి ఆధిక్యము లభించు సందర్భము లోకమున వేరొకటి కలదని మేమెరుగము.

భరతముని నాట్యశాస్త్రము ప్రథమాధ్యాయమున దేవతలు బ్రహ్మను సమీపించి కంటికి చెవికి ఏకకాలమున విందైన ఒక ఆటవస్తువును ప్రసాదింపుమని కోరిరని చెప్పబడినది. నాట్యమునకు ఆటవస్తువను పేరే మొదట వచ్చినది. శాస్త్రము తరువాత వచ్చినది. దృశ్యశ్రవ్యముల ఈ కలయికయే సహపఠనమునందును కలదు. నాట్యమున సామాజికుడు మౌనముగా రసానుభవము పొందును. సహపఠనమున శిశువు మాటలాడుచు పొందును. ఇంతమాత్రమున రసచర్చను బొమ్మల పుస్తకమునకు తగిలించి పెంచుట మాకు సమ్మతము కాదు. ప్రయోగమును చూడక ప్రబంధమును నిర్ణయింపరాదను న్యాయము రెంటికిని సమానమని చెప్పుట మాత్రమే మా తాత్పర్యము.

ఈ విషయమున పాశ్చాత్య పరిశోధకులు చేసిన కృషిలో మూడింటిని పేర్కొందుము. 1978లో అనత్ నినియో, జెరోమ్ బ్రూనర్ అనువారు ఒక తల్లి తన బిడ్డకు బొమ్మల పుస్తకము చూపుచుండగా ఎనిమిదవ నెల మొదలు పదునెనిమిదవ నెల వరకు గమనించిరి. తల్లి మొదట చూడుమనును, పిదప అది యేమని అడుగును, పేరు చెప్పును, బిడ్డ చేసిన ధ్వని ఏదైనను దానిని సమాధానముగా స్వీకరించి మెచ్చుకొనును. ఈ నాలుగు మెట్ల ఆట మరల మరల సాగును. మాటలు రాకమునుపే సంభాషణలో వంతు తీసుకొనుట బిడ్డకు పట్టువడును. 1988లో గ్రోవర్ వైట్‌హర్స్ట్, ఆయన సహచరులు రెండేండ్ల బిడ్డల తల్లిదండ్రులను రెండు జట్లుగా చేసిరి. ఒక జట్టువారు ఎప్పటివలెనే చదివిరి. రెండవ జట్టువారు అవును, కాదు అను సమాధానముతో తీరని ప్రశ్నలు అడుగుట, బిడ్డ చెప్పినదానిని కొంచెము పెంచి తిరిగి చెప్పుట మున్నగునవి నేర్చుకొని చదివిరి. నెలదినములలోనే రెండవ జట్టు బిడ్డల మాటనేర్పు మొదటివారిని మించినది. తొమ్మిది నెలలకు ఆ తేడా తగ్గినను నశింపలేదు. ఇది మధ్యతరగతి కుటుంబములలో జరిగిన చిన్న ప్రయోగమని మరువరాదు.

మూడవది మాకు మిక్కిలి విలువగా తోచినది. షర్లీ బ్రైస్ హీత్ అమెరికాలోని కరోలినా ప్రాంతమున మిల్లు కార్మికుల పేటలలో నివసించి 1983లో గ్రంథరూపమున వెలువరించిన పరిశీలనమున, ‘రోడ్‌విల్’ అని ఆమె మారుపేరు పెట్టిన పేటను వర్ణించినది. అచటి తల్లిదండ్రులు బిడ్డలకు పుస్తకములు చదివి వినిపించుటలో లోపము చేయరు. కాని వారడుగు ప్రశ్నకు సమాధానమొక్కటే యుండవలెను. బిడ్డ కథను సాగదీసినను మార్చినను సహింపరు. ఆ బిడ్డలు బడిలో మొదటి తరగతులలో చక్కగా రాణించి, స్వయముగా ఆలోచించి చెప్పవలసిన పై తరగతులలో వెనుకబడిరి. అనగా బిగ్గరగా చదివినంత మాత్రమున చాలదు. చదువువేళ పరీక్షావేళ యైనచో దాని ఫలము కొలదికాలమే నిలుచును. మన యిండ్లలో పుస్తకము తెరచిన వెంటనే ‘ఇదేమి? దీని రంగేమి? ఎన్ని యున్నవి?’ అని వరుసగా ప్రశ్నించు తండ్రులను మేమెందరినో చూచితిమి. బిడ్డ మూడవ ప్రశ్నకు పుస్తకమును మూసివేయును. ఆ బిడ్డకు పుస్తకముపై ప్రీతి లేదని తండ్రి నిర్ణయించును!

ఇట్టి సంభాషణాత్మక శ్రవణము మనకు క్రొత్తది కాదు. కథ చెప్పునప్పుడు ‘ఊఁ’ కొట్టుమని అడుగుట తెలుగువారి యింటింట నున్న ఆచారము. ఊఁ కొట్టనిచో కథ ఆగిపోవును. ఊఁ ఎచట పడునో గమనించిన పరిశోధకులు అరుదు. అది వాక్యాంతమున మాత్రమే పడదు. ‘రాజు అడవికి పోయి’ అని కథకుడు నిలుపును; ఊఁ. ‘పోయి, అక్కడొక మడుగు చూచి’, ఊఁ. అసమాపక క్రియ కడ వినువాని వంతు వచ్చుచున్నది. సమాపక క్రియ వచ్చువరకు అర్థము తీరదు కనుక వినువాడు కదలలేడు. నిలుపు దొరకినది కనుక మాటాడకుండలేడు. ముందు వాక్యపు క్రియనే క్త్వార్థకముగా తిరిగి పట్టి తరువాతి వాక్యము నెత్తుకొనుట మన మౌఖిక కథనమునకు ప్రాణము. వ్యాకరణపాఠమున క్త్వార్థకమును సంధికార్యమునకై బోధించు మనము దీని కథనశక్తిని విద్యార్థులకు చెప్పుచున్నామా?

బొమ్మను చూపుచు పలువురకు కథ వినిపించుటయు మనకు కలదు. తెలంగాణమున నేటి సిద్దిపేట జిల్లాలోని చేర్యాల నకాశి చిత్రకారులు వ్రాసిన పటములు దానికి సాక్ష్యము. ఎఱ్ఱని నేలపై అరలు అరలుగా కథను చిత్రించిన పొడవైన పటమును వ్రేలాడదీసి, కూనపులివారు పద్మశాలీలకు మార్కండేయ పురాణమును, డక్కలివారు మాదిగలకు జాంబపురాణమును గానము చేయుదురు. ఒక్కొక్క అరను చూపుచు కథ నడపుదురు. ఈ చిత్రకళకు భౌగోళిక గుర్తింపు లభించినది. గోడకు తగిలించుకొను అలంకారముగా దానికి ఆదరము పెరిగినది. పటము పట్టుకొని కథ చెప్పు పఠిత మాత్రము మన చర్చలలో వెనుకకు పోయినాడు. అది బొమ్మల పుస్తకమునకు జరుగుచున్న అన్యాయమే.

ఇక పై సూత్రమును ఒక తెలుగు కథపై పరీక్షింతము. ఏడు చేపల కథ ఎరుగని తెలుగువాడు లేడు. రాజకుమారులు ఏడుగురు తెచ్చిన ఏడు చేపలలో ఒకటి ఎండలేదు. కారణమడుగగా చేప గడ్డిమేటును, గడ్డిమేటు ఆవును, ఆవు పశువుల కాపరిని, వాడు అన్నము పెట్టని అవ్వను, అవ్వ ఏడ్చుచున్న పసిబిడ్డను, బిడ్డ కుట్టిన చీమను చూపును. చీమ తన పుట్టలో వ్రేలు పెట్టినవారిదే తప్పనును. ఇది ప్రశ్నోత్తర శృంఖల. రెండవ ప్రశ్నకే శిశువునకు పద్ధతి తెలిసిపోవును. మూడవ ప్రశ్నను తానే అడుగును. సహపఠనమునకు ఇంతకంటె తగిన కథ లేదు.

కాని దీనిని బొమ్మల పుస్తకముగా చేయునప్పుడు చిత్రకారుడు ఏమి చేయవలెను? చేప మాటలాడుచున్న పుటలో చేపను, ఆవు మాటలాడుచున్న పుటలో ఆవును గీసి యూరకున్నచో అది కొమీనియస్ పద్ధతియే; మాటకు బొమ్మ ప్రతిధ్వని. అట్లుగాక మొదటి పుటలోనే ఎండుచున్న ఆరు చేపలపై ఎండను, ఏడవదానిపై ఒక నీడను గీసి, ఆ నీడ దేనిదో చూపక నిలిపినచో? పుట తిప్పకమునుపే శిశువు నీడను పట్టుకొనును. గడ్డిమేటు పుట అంచున ఆవు తోక మాత్రము కనబడినచో తరువాతి నేరస్థుడెవరో వాడే ప్రకటించును. చదువుచున్నవాడు ఏమియు తెలియనివానివలె నటించుచు ప్రశ్నను చదివిన చాలును.

ఈ కథలో వేరొక నిర్మాణరహస్యము కలదు. కథనము ముందుకు సాగుకొలది కారణము వెనుకకు పోవుచున్నది. కడపటి పుటలో నున్న చీమకాటు కాలమున మొట్టమొదటి సంఘటన. కావున పుస్తకమును చివరనుండి మొదటికి తిప్పినచో కథ తిన్నగా నడచును: చీమ కుట్టినది, బిడ్డ ఏడ్చినది, అవ్వకు తీరిక లేకపోయినది, కాపరికి అన్నము దొరకలేదు, ఆవు కట్టుకొయ్యకడనే నిలిచినది, గడ్డి తరుగలేదు, చేప ఎండలేదు. నోటికథలో ఇది సాధ్యము కాదు. పుటలు కలిగిన పుస్తకముననే సాధ్యము. అక్షరములు రాని శిశువులు పుస్తకమును వెనుకనుండి తిప్పుట అందరును చూచినదే. పెద్దలు దానిని వెంటనే సరిచేయుదురు. ఈ కథ విషయమున ఆ తప్పు పద్ధతియే ఒక క్రొత్త పఠనము! బొమ్మలు కార్యకారణములను స్పష్టముగా చూపినచో శిశువు తానే దానిని కనుగొనును.

అనువాదముల కడ భాషావిషయము తిరిగి ముఖ్యమగుచున్నది. 1957లో స్థాపితములైన నేషనల్ బుక్ ట్రస్టు, చిల్డ్రన్స్ బుక్ ట్రస్టు మొదలుకొని, 1996లో మద్రాసున ఆరంభమైన తూలిక, 2004లో బెంగుళూరున ఆరంభమైన ప్రథమ్ బుక్స్ వరకు బొమ్మల పుస్తకములను భారతీయ భాషలలోనికి తెచ్చుచున్నవి; ప్రథమ్ వారు 2015 నుండి అంతర్జాలమున ఉచితముగా నిచ్చుచున్నారు. మంచి పుస్తకము వంటి తెలుగు ప్రచురణసంస్థల కృషియు గణనీయము. సంఖ్య పెరిగినది. గుణపరీక్షకు మాత్రము మనమింకను పూనుకొనలేదు. ఆంగ్లమున సంబంధమును తెలుపు పదము ముందు వచ్చి, వస్తువు తరువాత వచ్చును. తెలుగున వస్తువు ముందు, విభక్తి తరువాత, క్రియ అన్నిటికి చివర. ఆంగ్ల గ్రంథకర్త పుట చివర దాచిన ఆశ్చర్యమును తెలుగు వాక్యము నడుమనే వెల్లడించివేయును. పైన చెప్పిన రోజీ కథను పుటకొక పూర్తి వాక్యముగా, ప్రతి వాక్యమున కోడి పేరును క్రియను నిలిపి అనువదించినచో ఆ గ్రంథము నడక చెడును. కాని తెలుగునకు తనదైన ఉపాయమున్నది. దొడ్డి దాటి, చెరువు చుట్టి, గడ్డికుప్ప ఎక్కి అని ప్రతి పుటను క్త్వార్థకముతో ముగించి, కడపటి పుటలో మాత్రము ఇల్లు చేర్చినచో వాక్యమొక్కటిగనే నిలుచును. ప్రతి పుట చివర ఊఁ పడుటకు చోటు దొరకును. మూలమున కంటె ఇది మనవారి చెవికి సహజము. నక్కను మాటలలో ప్రవేశపెట్టు అనువాదకుని మాత్రము క్షమింపరాదు. వాడు శిశువు సొత్తును అపహరించినవాడు.

మన భాషలోని అనుకరణ పదముల సంపదయు సహపఠనమునకు మిక్కిలి తోడ్పడును. నీటిలో రాయి బుడుంగుమన్నను, వాన టపటప పడినను, మువ్వలు గలగలలాడినను అర్థము చెప్పవలసిన పని లేదు; పలికిన చాలును, పిల్లలు గొంతు కలుపుదురు. ఆశ్చర్యమేమనగా అచ్చులో ఈ పదములను గ్రామ్యములని తొలగించి, ‘శబ్దము వచ్చెను’ అని వ్రాయువారు ఇంకను ఉన్నారు.

దీనివలననే మాండలిక ప్రశ్న పుట్టుచున్నది. పఠిత అచ్చులోని మాటను విడిచి తన యింటి మాటతో చదువవచ్చునా? వచ్చునని మా నిశ్చితాభిప్రాయము. మూడేండ్ల బిడ్డకు చదువునప్పుడు శ్రీకాకుళము తల్లియు పాలమూరు తల్లియు ఒకే ముద్రిత వాక్యమును ఒకే తీరున పలుకవలెనని నిర్బంధించుటలో ప్రయోజనము లేదు. సవర బాలురకు సవర భాషలోనే పుస్తకములు వ్రాసిన గిడుగు రామమూర్తి పంతులు (1863–1940) ఈ సత్యమును మనకు ఏనాడో చూపినారు. ఈ మాటను గ్రాంథికమున వ్రాయుచున్నందులకు చదువరులు నవ్వుకొందురేమో. ఈ పత్రిక చదువరులకు ఊఁ కొట్టు వయసు దాటినదని మా సమాధానము. ఒక హద్దు మాత్రము కలదు. పునరుక్తమగు పల్లవివంటి వాక్యమును ప్రతిసారియు ఒకే తీరున పలుకవలెను. అది పిల్లల వంతు. దానిని మార్చిన పఠితను వారే సరిదిద్దుదురు.

ఒక్క బిడ్డ ఒడిలో నుండగా జరుగు పఠనము వేరు, ఇరువదిమంది నేలపై కూర్చుండగా జరుగునది వేరు. మేము చూచిన ఒక అంగన్‌వాడీ కేంద్రమున కార్యకర్త ఉత్సాహవతియే. కాని పుస్తకము అరచేయి కంటె కొంచెమే పెద్దది. ముందు వరుసవారికి బొమ్మ కనబడినది. వెనుకవారికి ఆమె గొంతు మాత్రమే వినబడినది. రెండవ పుటకే వెనుక వరుస చెదరిపోయినది. కేంద్రము పిల్లలకు శ్రద్ధ లేదని ఆమె మాతో చెప్పినది. శ్రద్ధ కాదు, బొమ్మ లేదు. న్యూజిలాండ్ దేశమున డాన్ హోల్డవే తన సహచరులతో కలసి పెద్ద కాగితములపై కథలను బొమ్మలతో తిరుగ వ్రాసి తరగతియంతయు చూచునట్లు నిలిపి చదివించుటకు, 1979లో ఆ పద్ధతిని గ్రంథస్థము చేయుటకు ఈ చిక్కే కారణము. మనకు అంత వ్యయము కూడ అక్కరలేదు. పాత క్యాలెండరు వెనుక తట్టు చాలును. పుస్తకమును ఒడిలో నుంచుకొని తలవంచి చదువక, భుజము ప్రక్కన పిల్లలవైపు తెరచి పట్టుకొని, కథను ముందే ఒకటి రెండు సారులు చదివి సిద్ధపడి, పుట తిప్పుటకు ముందు ఊపిరి పీల్చినంతసేపు ఆగుట అలవరచుకొనవలెను. ఆ నిలుపులోనే పిల్లలు మాటలాడుదురు.

ఉపాధ్యాయులు తరచుగా చేయు ఆక్షేపణ ఒకటి మిగిలినది. ఇట్లు పదేపదే విన్న పిల్లలు పుస్తకమును చేత పట్టుకొని గడగడ అప్పగింతురు. అది చదువు కాదు, బట్టీ యందురు. హోల్డవే దీనినే చదువువంటి చేష్టగా గుర్తించి చదువునకు తొలిమెట్టుగా నిలిపినాడు. బట్టీ పట్టినవానికి పుట తిప్పవలసిన చోటు తెలియదు. ఈ శిశువునకు తెలియును. ఈ బొమ్మకు ఈ మాట అని వాడెరుగును. మాట మారినచో అభ్యంతరము చెప్పును. అచ్చు స్థిరమైనదను జ్ఞానము వానికి కలిగినది. అక్షరము దాని వెనుక వచ్చును. ఈ ఆటను ‘చదువుట రాకుండనే చదువుచున్నావు’ అని ఎగతాళి చేసిన నాడు వాడు ఆ పుస్తకమును మరల ముట్టడు. ఇంట అచ్చు పుస్తకమే లేని బిడ్డలు మన బడులలో ఎందరో కలరు; వారికి మొదటి పుస్తకము పాఠ్యపుస్తకమే, మొదటి పఠనము పరీక్షయే యగుచున్నది.

చదువురాని తల్లులు ఏమి చేయుదురను ప్రశ్నకు మాటలు లేని బొమ్మల పుస్తకము కొంత సమాధానము. అచట అక్షరజ్ఞానము అడ్డురాదు. కూనపులివాని పటమువలె చూపి చెప్పుకొనవచ్చును. మా శాఖలో పరిశోధనమునకు విషయము వెదకుచున్న విద్యార్థులు ఈ వైపు దృష్టి సారింపవలెనని కోరుచున్నాము. ఒకే పుస్తకమును చదువు వచ్చిన తల్లి యొకతె, రాని తల్లి యొకతె తమ బిడ్డలకు వినిపించుచుండగా ధ్వనిముద్రణము చేసి, ఊఁ ఏ క్రియారూపముల కడ పడుచున్నదో, బిడ్డ ఏ పుట కడ చేయి అడ్డుపెట్టినదో, ఎవరి ప్రశ్నకు ఒక్క మాటయు ఎవరి ప్రశ్నకు ఒక కథయు బదులుగా వచ్చినదో పట్టిక వేసి చూపినచో, ఇప్పటివరకు సమీక్షకులు ముచ్చటయనియు నీతియనియు చెప్పుచున్న మాటలకు బదులు విమర్శకు ఆధారము దొరకును. ఏడు చేపల కథతో ఆరంభించుట సులభము; ఆ కథను ఆ తల్లులిద్దరిలో ఎవరికిని నేర్పవలసిన పని లేదు.